నాజిల్ తుంపర – మన సేద్యం, మన చదువు

మన సంచికలో సైన్సు వ్యాసం అంటే చంద్రుడి మీదనో, పరమాణువు మీదనో, ఈమధ్య అయితే కృత్రిమ మేధ మీదనో ఉండాలని ఒక అలవాటు పడిపోయింది. వాటి మీద నాకు గౌరవం లేకపోలేదు. అయితే నేను వచ్చింది కోయిలకుంట్ల దాపున ఒక నల్లరేగడి పల్లె నుంచి. కోయిలకుంట్ల అనగానే 1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీసిన తావని అందరూ చెబుతారు, చెప్పాల్సిందే. ఆ ఊరి గురించి నాకు తెలిసిన ఇంకొక సంగతి ఏమంటే, దాని చుట్టూ ఉన్న సేద్యమంతా ఈనాడు కుట్టుసూది కూడా దూరని కొన్ని సన్నని రంధ్రాల మీద ఆధారపడి నడుస్తున్నది. ఆ రంధ్రాలు ట్రాక్టరు ఇంజనులో నాజిల్ కొనన ఉంటాయి.

మా వైపు శనగ వేసేది వానలు వెనకబట్టే కాలంలో, నేలలో మిగిలిన పదను మీద. ఆ పదను ఉండేది కొద్ది రోజులే. ఎద్దులున్న కాలంలో ఒకరి కాడి పడుకుంటే ఇంకొకరి కాడి వచ్చేది. ఇప్పుడు పల్లెలో కాడెద్దులను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ట్రాక్టరు నిలిచిపోయిందని పదను మన కోసం కాచుకొని ఉండదు గదా! అయినా ట్రాక్టరు కొనేటప్పుడు ఎన్ని హెచ్.పి., ఎంత కంతు, ఏ రంగు అని అడిగేవాళ్ళే గాని, దీనికి నాజిల్ ఏ రకం, ఎంత ప్రెషర్ అని అడిగిన రైతును నేను చూడలేదు. మా నాయనా అడగలేదు.

నేను చెప్పొచ్చేదేమంటే, డీజిల్ ఇంజనుకు బలం పిస్టనే అయినా ప్రాణం మాత్రం తుంపర. ఆ తుంపర మంచిదా చెడ్డదా అని తేల్చగలిగిన విద్య నిన్నమొన్నటి దాకా పల్లె మెకానిక్ చేతిలో ఉండేది. అది ఇప్పుడు అతని చేతిలోంచి జారిపోతున్నది. దాన్ని అందుకొని నిలబెట్టవలసింది మనలాంటి కళాశాలలు. అవి ఆ పని చేయడం లేదు. ఇదీ నా ఫిర్యాదు.

తుంపర సంగతి రైతుకు తెలియనిదేమీ కాదు. పత్తికో మిరపకో మందు కొట్టేవాడిని అడగండి. నాజిల్ అరిగిందంటే చినుకు లావవుతుంది, ఆకు మీద నిలవక జారి నేలపాలవుతుంది. మరీ సన్నమైతే గాలికి లేచి పక్క చేను మీద పడుతుంది. చినుకు ఎంత ఉండాలో, ఎంత దూరం పోవాలో, ఎంత వెడల్పు పరుచుకోవాలో వాడికి చేతి అలవాటు. ఇంజను లోపల జరిగేదీ ఇదే. తేడా ఏమంటే మందు పంపులో ప్రెషర్ రెండు మూడు బార్లు, ఇక్కడ వందలు, వేలు. అక్కడ ఆకు చల్లగా కాచుకొని ఉంటుంది, ఇక్కడ గాలి నిప్పులా ఉంటుంది.

పెట్రోలు ఇంజనులో మాదిరి డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. సిలిండర్లోకి పీల్చిన గాలిని పిస్టన్ పదిహేడో వంతుకు నొక్కితే దాని వేడి 600 డిగ్రీల సెంటీగ్రేడు దరిదాపులకు పోతుంది. ఆ గాలిలోకి డీజిల్ కొడితే అదే అంటుకుంటుంది. అయితే ద్రవంగా ఉన్న డీజిల్ మండదు, ఆవిరైన డీజిలే మండుతుంది. ఆవిరి కావాలంటే వేడిగాలి తగలాలి. గాలి తగలాలంటే పైతలం ఎక్కువ ఉండాలి. మొత్తం కథ ఈ పైతలం దగ్గరే ఉంది.

ఒక చిన్న లెక్క చేసి చూశాను. కుందూ గట్టున మా జేజినాయన కాలంలో నీళ్ళు తోడిన 5 హెచ్.పి. ఆయిల్ ఇంజనునే తీసుకుందాం. నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది, రెండు చుట్లకొకసారి డీజిల్ పడుతుంది. అంటే నిమిషానికి 750 సార్లు. గంటకు ఒక లీటరు చిల్లర తాగుతుందనుకుంటే ఒక్కొక్కసారి పడేది సుమారు 24 ఘన మిల్లీమీటర్లు. అంతా ఒకే చుక్కగా పడితే దాని అడ్డుకొలత మూడున్నర మిల్లీమీటర్లు, పైతలం 40 చదరపు మిల్లీమీటర్లు; ఒక పెసరగింజ అనుకోండి. అదే చుక్కను ఒక్కొక్కటి 20 మైక్రాన్లున్న తుంపరలుగా చీలిస్తే ఎన్ని అవుతాయి? 57 లక్షలు! అప్పుడు పైతలం 72 చదరపు సెంటీమీటర్లు; పెసరగింజ పోయి అరచేయి అయింది. పడిన డీజిల్ అంతే, పైసా ఖర్చు పెరగలేదు, మండే ముఖం మాత్రం 180 రెట్లయింది. తుంపర ఆవిరి కావడానికి పట్టే కాలం దాని అడ్డుకొలత వర్గాన్ని బట్టి ఉంటుంది. చినుకు రెండింతలు లావైతే కాలం నాలుగింతలు. ఇంజను దగ్గర అంత తీరిక ఏదీ? ఆ వేగంలో ఇరవై డిగ్రీల తిరుగుడుకు దొరికే కాలం సెకనులో వెయ్యో వంతులు రెండు. ఆలోపల ఆవిరి కాని చినుకు పోయి పిస్టన్ తలకో సిలిండర్ గోడకో కొట్టుకుంటుంది. సగం కాలి మసిగా, నల్లపొగగా పోతుంది; కాలని మిగులు గోడ వెంట జారి కింది ఇంజనాయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూసినప్పుడు ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి కనబడితే కొందరు సంతోషపడతారు. అది సంతోషించాల్సిన పెరుగుదల కాదు, నాజిల్ కారుతున్నదేమో చూడమని చెప్పే కబురు.

మరి ధారను తుంపరగా చీల్చేది ఎవరు? మన పాఠ్యపుస్తకంలో తలతన్యత అనే అధ్యాయం ఉంది. పరీక్షకు కేశనాళిక ప్రయోగం, సబ్బు బుడగ, ఇంతే. కుళాయి ధార కిందికి పోయేకొద్దీ చుక్కలుగా తెగడం తలతన్యత వల్లనే అని రేలీ ప్రభువు 1878 ప్రాంతంలో లెక్కగట్టి చూపినాడు. చిత్రమేమంటే ఇంజనులో అదే తలతన్యత ఎదుటి పక్షంలో నిలబడుతుంది. నెమ్మది ధారను తెంపేది అదే. వేగంగా పోయే ధారను తెగకుండా పట్టి ఉంచాలని చూసేదీ అదే. చీల్చేది ఎదురుగాలి. ఈ రెండింటి బలాబలాల నిష్పత్తినే వెబర్ సంఖ్య అంటారు. ఇంజను నాజిల్ దగ్గర అది వేలల్లో ఉంటుంది, అంటే తలతన్యత గెలిచే మాటే లేదు. రంధ్రం లోపలి అంచు వాడిగా ఉంటే అక్కడ పీడనం పడిపోయి డీజిల్ లోపలనే బుడగలు కట్టి, బయటికి వస్తూనే ఇంకా చెదురుతుంది. అవే బుడగలు పగిలి ఉక్కును కొద్దికొద్దిగా తినేస్తాయి కూడా.

రుడాల్ఫ్ డీజిల్ 1897లో తన ఇంజనును నడిపి చూపినప్పుడు ఈ ప్రెషర్ పంపులు లేవు. పెద్ద కంప్రెసర్ పెట్టి, గాలితో నూనెను ఊది లోపలికి పంపేవాడు. అంత సరంజామా పొలానికి ఎట్ల వస్తుంది? జర్మనీలో బాష్ కంపెనీ 1927లో ఇంజెక్షన్ పంపును బారుగా తయారుచేయడం మొదలుపెట్టిన తర్వాతనే డీజిల్ ఇంజను లారీకీ ట్రాక్టరుకూ తగినది అయింది. మన దగ్గర బెంగుళూరులో 1951లో మైకో వచ్చింది. 2008లో ఆ కంపెనీ పేరు బాష్ లిమిటెడ్‌గా మారినా, మావైపు పెద్దవాళ్ళ నోట అది ఇంకా మైకో పంపే.

ఆ మైకో కాలపు నాజిల్ తెరుచుకునేది 200 బార్ల దగ్గర. దాన్ని పరీక్షించే తీరు మీలో ఎంతమంది చూసినారో తెలియదు. బల్లకు బిగించిన చేతిపంపు, దానిపైన ఒక గడియారం, కొనకు నాజిల్. భాయ్ పిడి నొక్కితే ముల్లు 200 దాకా లేచి, కిర్రుమని చప్పుడు చేసి, తుంపర బయటికి వస్తుంది. అతనికి వెబర్ సంఖ్య తెలియదు. “పొగమంచు మాదిరి రావల్ల, పాలధార మాదిరి వస్తే పనికిరాదు” అంటాడు. నాలుగు రంధ్రాల్లో ఒకటి పూడితే మూడే చీపుళ్ళు కనబడతాయి. కొట్టినాక కొన మీద చుక్క నిలిస్తే సూది సరిగా కూర్చోలేదన్నమాట. చెవికి కిర్రు వినబడకపోతే సూది బిగిసిందన్నమాట. కన్ను, చెవి, చేయి. ఈ మూడింటితో ప్రవాహశాస్త్రం మొత్తం అక్కడ జరిగిపోయేది. మా ఊరివాళ్ళు నాజిల్ పట్టుకొని కోయిలకుంట్లకో నంద్యాలకో పొద్దున పోయి సాయంత్రానికి బిగించుకొనేవాళ్ళు.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. ఆ తుంపరకు ఎవరూ వేలు అడ్డం పెట్టగూడదు. 200 బార్ల దగ్గర కూడా డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. బయట చూస్తే సూదిపోటంత కూడా ఉండదు, నొప్పి కూడా మొదట తక్కువే. లోపల కండ చెడిపోయి వేలు, ఒక్కోసారి చేయి తీసేయాల్సి వస్తుంది. అటువంటిది జరిగితే గుడ్డ కట్టుకొని ఇంటికి పోకుండా ఆ గంటలోనే శస్త్రచికిత్స ఉన్న ఆసుపత్రికి పోవాలి. లీకు ఉందేమోనని పైపు మీద చేయి తడిమి చూసే అలవాటు మావైపు చాలామందికి ఉంది. అట్టముక్క పెట్టి చూడండి, చేయి వద్దు.

ఇక కొత్త ఇంజన్లు. 1995లో జపానులో లారీలకూ, 1997లో ఇటలీలో కార్లకూ కామన్ రైల్ అనే పద్ధతి వచ్చింది. పంపు డీజిల్‌ను ఒక ఉక్కు గొట్టంలోకి ఎప్పుడూ ఎక్కువ ప్రెషర్లో నింపి ఉంచుతుంది. ఎప్పుడు తెరవాలో ఎంత తెరవాలో కంప్యూటరు కరెంటు మీట నొక్కి చెబుతుంది. ప్రెషర్ 1600 బార్లు, ఇంకా పైన. రంధ్రాలు ఆరో ఎనిమిదో, ఒక్కొక్కటి మిల్లీమీటరులో ఎనిమిదో వంతుకు అటూ ఇటూ. బెర్నౌలీ సూత్రంలో వేసి చూడండి. సిలిండర్లోని గాలి పీడనం తీసేస్తే పాత నాజిల్‌లో డీజిల్ వేగం సెకనుకు 200 మీటర్లు, కొత్తదానిలో 600. పీడనం పదింతలకు దగ్గరైనా వేగం మూడింతలే, ఎందుకంటే అది వర్గమూలం. ఆ మూడింతల కోసమే ఇంత ఖర్చు. ఫలితం మాత్రం ఉంది: తుంపర పది మైక్రాన్ల దరిదాపులకు దిగుతుంది. అసలు దెబ్బకు ముందు ఒక చిటికెడు డీజిల్ ముందుగా కొట్టవచ్చు కాబట్టి ఆ పాత టకటక మోత కూడా తగ్గుతుంది. అమెరికాలో సాండియా ప్రయోగశాలలో జాన్ డెక్ లేజరు వెలుగుతో మండే తుంపరను పరిశీలించి 1997లో ఒక నమూనా ఇచ్చినాడు. ద్రవంగా ఉన్న డీజిల్ నాజిల్ నుంచి కొద్ది దూరం కూడా పోదనీ, అంతలోనే ఆవిరై, తగినంత గాలి కలవని చోట మసి పుడుతుందనీ అందులో తేలింది. మన కంటికి పొగగొట్టంలో కనిపించే నలుపు ఆ బెత్తెడు చోటులో పుట్టినది.

మా ఊరి రచ్చకట్ట మీద ఒక వాదం ఉంది. కొత్త ఇంజన్లన్నీ కంపెనీల మోసమనీ, పాత బండే బంగారమనీ. 50 హెచ్.పి. దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి పొగ నిబంధనలు బిగించడంతో ఎక్కువ కంపెనీలు వాటికి కామన్ రైల్ పెట్టినాయి. అందుకని 50 లోపలే కొనమని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఈ వాదాన్ని నేను సగమే ఒప్పుకుంటాను. డీజిల్ పొగ కాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా సంస్థ 2012లో తేల్చి చెప్పింది. ఆ పొగగొట్టం వెనక పొద్దంతా కూర్చునేది కంపెనీ యజమాని కాదు, మా చిన్నాయన. తుంపర సన్నబడటం మనకు వ్యతిరేకంగా జరిగిన కుట్ర అనుకోవడం తెలివితక్కువ.

మిగిలిన సగం మాత్రం నిజమే. గతేడు పదనులో మా చిన్నాయన ట్రాక్టరు మొరాయించింది. షోరూమువాళ్ళు ల్యాప్‌టాప్ తగిలించి చూసి, ఒక ఇంజెక్టర్ పోయింది, నాలుగూ మార్చుకుంటే మేలు అన్నారు. ఏమి పోయిందో చూపండి అంటే చూపేందుకు ఏమీ లేదు, తెర మీద ఒక నంబరు తప్ప. ఐదు రోజులు బండి అక్కడే. బిల్లు ఆ ఏడు శనగ పెట్టుబడిని గుర్తుచేసింది. పాత టెస్టరుకు ఈ ఇంజెక్టర్ లొంగదు. దీనికి వేరే యంత్రం, వేరే కోడు, వేరే అనుమతి. మరి భాయ్ ఏం చేయాలి? అతనూ ఊరికే కూర్చోలేదు. ఒక్కొక్క ఇంజెక్టర్ వెనక్కి వదిలే డీజిల్‌ను నాలుగు ఒకే రకం సీసాల్లోకి పట్టి, ఏ సీసా ముందు నిండితే ఆ ఇంజెక్టర్ లోపల అరిగిందని చెబుతాడు. ఇంత చక్కని ప్రయోగం మన రికార్డు పుస్తకాల్లో ఒక్కటైనా ఉందా? కానీ ఇది చెప్పేది వెనక్కి కారే సంగతే. ముందుకు కొట్టే తుంపర ఎట్లుందో అతనికీ కనపడదు.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసి, అందులో వ్యవసాయ యంత్రాలను కూడా చేర్చింది. మంచిదే. కానీ హక్కు కాగితం మీద ఉంటే చాలదు. కోడు చదివే పరికరం, విడి నాజిల్, సూది, కొలతల పట్టిక బజారులో న్యాయమైన ధరకు దొరకాలి. ఇంజెక్టర్ మొత్తాన్ని అమ్మడమే లాభంగా ఉన్నంతకాలం కంపెనీలు వాటంతట అవి దిగిరావు. రైతు సంఘాలు మద్దతు ధర అడిగినట్లే దీన్నీ అడగాలని నా అభిప్రాయం.

మన వంతు కూడా కొంత ఉంది. కొత్త ఇంజెక్టర్లో సూదికీ దాని గూటికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. మనం డీజిల్ తెచ్చేది మూత సరిగా పట్టని క్యానులో, పోసేది చేను గట్టు మీద, వడగట్టేది పాత పంచె గుడ్డతో. గుడ్డ నేత సందులు పదుల మైక్రాన్లు ఉంటాయి. గాలికి లేచే రేగడి దుమ్ము దానిలోంచి దర్జాగా పోతుంది. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చలికి తేమ నీరై అడుగున చేరుతుంది. పొద్దుగూకినాక ట్యాంకు నింపి పెడితే ఆ బెడద తగ్గుతుంది. ఫిల్టరు కింద నీళ్ళు వదిలే మర ఒకటి ఉంటుందని తెలియని డ్రైవర్లు ఎంతమందో. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా అమ్మే డీజిల్లో గంధకం పది లక్షల పాళ్ళకు పది పాళ్ళు మించదు. గంధకంతోపాటు డీజిల్‌కున్న సహజమైన జారుడుగుణమూ తగ్గిపోతుంది కాబట్టి దానికి వేరే మందు కలుపుతారు. అందులో కిరసనాయిలు కలిపితే పంపుకూ సూదికీ ఆ కాస్త జారుడూ పోతుంది.

ఇప్పుడు మన చదువు సంగతి. మూడేళ్ళ బి.యస్‌సి.లో స్నిగ్ధత కొలుస్తాం, తలతన్యత కొలుస్తాం, బెర్నౌలీ నిరూపిస్తాం. అన్నీ నీళ్ళతోనే, ఎప్పుడో ముద్రించిన విలువ వచ్చేదాకా లెక్క సర్దుకుంటూ! ఈ మూడూ ఒకేచోట కలిసే వస్తువు, మనలో సగంమంది ఇళ్ళ ముందర నిలబడి ఉండే వస్తువు, ప్రయోగశాల గడప తొక్కలేదు. ఇంజనీరింగు వాళ్ళ పని అది అంటారు. స్నిగ్ధత ఇంజనీరింగు వాళ్ళకు రాసిచ్చిన ఆస్తి కాదు గదా!

కానుగనూనె మాట తీసుకోండి. ఆదిలాబాదు జిల్లా పవర్‌గూడ గిరిజన గ్రామం కానుగ చెట్లు పెంచి, 147 టన్నుల కర్బన వాయువును తప్పించిన ఫలానికి 2003లో ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు పొందింది. నూనెతో ఇంజను నడపడం కొత్త ఆలోచన కూడా కాదు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. మన రాయలసీమ పంట! మరి ఎందుకు నిలవలేదు? ధర ఒక కారణం, తుంపర ఇంకొక కారణం. పచ్చి కానుగనూనె స్నిగ్ధత డీజిల్‌కు దాదాపు పదింతలు. చిక్కని నూనె సన్నగా చీలదు, దూరం పోయి గోడకు కొట్టుకుంటుంది, నాజిల్ కొన మీద బొగ్గు కడుతుంది. వేడిచేస్తే ఎంత పలచబడుతుంది, డీజిల్లో పదో వంతు కలిపితే ఎంత, ఇరవయ్యో వంతు కలిపితే ఎంత? మన ప్రయోగశాలలో ఉన్న విస్కామీటరుతోనే ఒక మధ్యాహ్నంలో కొలవవచ్చు. నీటి స్నిగ్ధత వెయ్యిన్నొకటోసారి కొలవడం కంటే ఇది నయం.

విద్యార్థి సంఘాన్నీ, భౌతికశాస్త్ర అధ్యాపకులనూ నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ఒక పాత చేతి టెస్టరు, మంచివి రెండు, చెడినవి రెండు నాజిళ్ళు. ఈ ఏడు సంఘం వార్షికోత్సవానికి పెట్టే ఖర్చులో అది ఒక మూలకు వస్తుంది. కోయిలకుంట్ల నుంచో ఆళ్ళగడ్డ నుంచో ఒక మెకానిక్‌ను పిలిపించి, రానుపోను చార్జీలూ ఒకరోజు కూలీ ఇచ్చి, పాఠం చెప్పించండి. నల్లబల్ల మీద మనం వెబర్ సంఖ్య రాసి చూపితే అతనూ వింటాడు, నాకు నమ్మకముంది. పూర్వవిద్యార్థుల్లో ఇంజన్ల కంపెనీల్లో పనిచేసేవారు ఉంటే, పాడైపోయిందని పారేసిన ఒక కామన్ రైల్ ఇంజెక్టర్‌ను నిలువునా కోయించి పంపండి. దాని లోపల ఏముందో మావైపు ఇంతవరకు ఎవరూ చూడలేదు.

టెస్టరు పెట్టడానికి ప్రయోగశాలలో ఉత్తరపు కిటికీ పక్క బల్ల ఖాళీగానే ఉంది. తుంపర మంచు గదిలో నిలిస్తే పీల్చడం మంచిది కాదు కాబట్టి కిటికీ దగ్గరే సరి. నాజిల్ చుట్టూ అద్దపు డబ్బా ఒకటి మాత్రం ముందుగా చేయించాలి. అది లేకుండా ఎవరినీ పిడి ముట్టనీయవద్దు.